కంపైలర్ ఏం రాసిందని కాదు, మేక్ ఏం చదివిందని చూడాలి

చాలా సోర్సు ఫైళ్లు కలిపి వాడుకునే హెడర్ ఫైల్లో ఒక్క లైను మార్చి బిల్డ్ కొడితే, ఆ హెడర్ని వాడుకున్న ఫైళ్లు మాత్రమే మళ్ళీ కంపైల్ అవుతాయి. అవి ఏవో బిల్డ్ నడిపించే మేక్ అనే పనిముట్టుకి ఎలా తెలిసింది? కంపైలరే చెప్పింది. సీ కంపైలర్లైన జీసీసీకి గానీ క్లాంగ్‌కి గానీ -ఎంఎండీ ఫ్లాగు ఇస్తే, కంపైల్ చెయ్యగా వచ్చే ఆబ్జెక్టు ఫైలు పక్కనే ఇంకో చిన్న ఫైలు రాసి పెడుతుంది. ఈ ఆబ్జెక్టు ఫలానా సోర్సు మీద, ఫలానా హెడర్ల మీద ఆధారపడి ఉంది అని మేక్‌కి అర్థమయ్యే భాషలో ఒక వరస, అంతే. తరవాతి బిల్డ్‌లో మేక్ దాన్ని చదువుకుని దేన్ని ముట్టుకోవాలో తేల్చుకుంటుంది. ఇదే డిపెండెన్సీ ఫైలు.

ఆ వరసలో రాసే పేర్లలో స్పేసు ఉంటే? # ఉంటే? $ ఉంటే? మేక్‌కి వీటన్నిటికీ వేరే అర్థాలున్నాయి. అందుకని కంపైలర్ వాటి ముందు ఏదో ఒక గుర్తు చేర్చి రాయాలి. దాన్నే ఎస్కేప్ చెయ్యడం అంటాం. కంపైలర్ ఈ పని సరిగ్గా చేస్తోందా లేదా అని చూడటానికి చాలామంది రాసే టెస్టు ఒకటే: బయటికొచ్చిన డిపెండెన్సీ ఫైల్లో మనం అనుకున్న అక్షరాలే ఉన్నాయా అని పోల్చడం. ఈ టెస్టు చాలదని నేను గట్టిగా నమ్ముతున్నాను. పెళ్లి పత్రిక అచ్చు తప్పుల్లేకుండా పడిందని సంతోషపడి, చుట్టాలు ఆ అడ్రసుకి చేరారో లేదో కనుక్కోకపోవడం లాంటిది అది.

ముందు ఈ తంటా ఎక్కడిదో చూద్దాం. మేక్‌ని 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాశారు. అప్పట్లో ఫైలు పేర్లంటే పొట్టిగా, అక్షరాలూ అంకెలూ చుక్కలతో ఉండేవి. పేరుకీ పేరుకీ మధ్య స్పేసు, టార్గెట్ (తయారుచెయ్యాల్సిన ఫైలు) తరవాత కోలన్, వ్యాఖ్యకి (మేక్ చదవకుండా వదిలేసే రాతకి) #, వేరియబుల్‌కి $ అని పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది కలగలేదు. కానీ యూనిక్స్ ఫైలు పేర్లలో స్లాషు, సున్నా బైటు తప్ప ఏదైనా ఉండొచ్చు. ఈ రెండింటి మధ్య ఖాళీలోకే కంపైలర్లు వచ్చి పడ్డాయి. మేక్ భాషలో రాయాలి, లోకంలో ఉన్న ఏ పేరునైనా రాయాలి.

దీనికి అందరూ చెప్పే మాట ఒకటుంది: ఫైలు పేర్లలో స్పేసులూ గుర్తులూ పెట్టొద్దు, సమస్యే ఉండదు. ఈ మాట నాకు నచ్చదు. తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే పిల్లల ల్యాప్‌టాప్‌లు నేను చాలా చూశాను. విండోస్‌లో అకౌంటు పేరు ల్యాప్‌టాప్ అమ్మిన షాపులోనే పెట్టేస్తారు: వెంకట సాయి, హేమంత్ కుమార్, లక్ష్మీ ప్రసన్న. ఈ ఊళ్లో వెంకట అని మొదలయ్యే పేరు లేని క్లాసు ఉండదు, దాని తరవాత స్పేసూ తప్పదు. ఆ పేరుతోనే యూజర్ ఫోల్డర్ పుడుతుంది. దాని కింద ఏ ప్రాజెక్టు పెట్టినా పూర్తి దారిలో స్పేసు ఉండి తీరుతుంది. ఆ కుర్రాడు తన పేరు రాసుకున్నాడు, అందులో తప్పేముంది? ఇక సీ షార్ప్ ల్యాబ్ ఉన్న ప్రతి కాలేజీలో # గుర్తుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిపోయాక, మండలాల డేటాతో పనిచేసేవాళ్లు "చిత్తూరు (పాత)" అని ఫోల్డర్ పెట్టుకుంటే అది ఎంతో సహజం. మనుషులు పెట్టుకునే పేర్లు ఇలాగే ఉంటాయి. వాటిని మోయాల్సిన బాధ్యత పనిముట్టుది.

ఇంతకీ కంపైలర్లు ఏం చేస్తాయి? జీసీసీ స్పేసు ముందు బ్యాక్‌స్లాష్ పెడుతుంది, # ముందు కూడా. $ ఉంటే దాన్ని రెండు చేసి $$ అని రాస్తుంది. అసలు పేరులోనే బ్యాక్‌స్లాష్ ఉండి, దాని వెంటనే స్పేసు వస్తే, ఉన్న బ్యాక్‌స్లాష్‌లని రెట్టింపు చేసి ఇంకొకటి కలుపుతుంది. ఇది మేక్ పెట్టిన వింత నియమం: స్పేసు ముందు బేసి సంఖ్యలో బ్యాక్‌స్లాష్‌లు ఉంటే స్పేసు పేరులో భాగం, సరి సంఖ్యలో ఉంటే పేరు అక్కడితో అయిపోయింది. ఇంకెక్కడ బ్యాక్‌స్లాష్ వచ్చినా దాని జోలికి పోకూడదు. టార్గెట్ పేరు విషయంలో రెండు ఫ్లాగులున్నాయి. -ఎంటీ ఇస్తే మనం ఇచ్చింది ఇచ్చినట్టు రాస్తుంది, -ఎంక్యూ ఇస్తే ఎస్కేప్ చేసి రాస్తుంది. టార్గెట్‌లో మేక్ వేరియబుల్ కావాలనుకునేవాళ్లకి మొదటిది, మిగతా అందరికీ రెండోది.

క్లాంగ్ కూడా జీసీసీ దారిలోనే నడుస్తుంది. పైగా -ఎంవీ అనే ఫ్లాగుంది, విండోస్‌లో మేక్‌కి బదులు ఎన్‌మేక్, జోమ్ వాడేవాళ్ల కోసం పేర్లని కొటేషన్లలో పెట్టి ఇస్తుంది. రస్ట్ కంపైలర్ సోర్సులో ఈ పనికి ఉన్న చిన్న ఫంక్షన్ స్పేసుకి మాత్రమే బ్యాక్‌స్లాష్ పెడుతుంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ అసలు మేక్ భాషే రాయదు. ఏ హెడర్ తెరిచిందో తెర మీద చెబుతుంది, మేక్ లాంటి ఇంకో బిల్డ్ పనిముట్టు నింజా ఆ లైన్లని పట్టుకుంటుంది. ఆ లైను మొదట్లో ఉండే మాటలు కంపైలర్ ఏ భాషలో ఇన్‌స్టాల్ అయిందో ఆ భాషలో ఉంటాయి కాబట్టి, నింజాకి ఆ మాటలు ఏమిటో విడిగా చెప్పుకోవాల్సి వస్తుంది.

క్లాంగ్ సోర్సులో పేర్లు రాసే ఫంక్షన్ పైన పెద్ద వ్యాఖ్య ఉంది. ఆసక్తి ఉన్నవాళ్లు తప్పక చదవాలి. పేరులో బ్యాక్‌స్లాష్ వెంటనే # వస్తే ఏమవుతుందో అందులో దాచకుండా రాశారు. స్పేసు ముందైతే బ్యాక్‌స్లాష్‌ని రెట్టింపు చేసే జీసీసీ, # ముందు చెయ్యదు. దాంతో పేరులోని \# కాస్తా \\# అని బయటికొస్తుంది. మేక్ దాన్ని ఒక మామూలు బ్యాక్‌స్లాష్, ఆపైన వ్యాఖ్య మొదలు అని చదువుకుంటుంది. ఇది తెలిసి కూడా క్లాంగ్ జీసీసీనే అనుసరించింది, అది వాళ్లు ఆలోచించి తీసుకున్న నిర్ణయం. దాన్ని నేను తప్పుపట్టను. రెండు కంపైలర్లూ ఒకేలా రాయడంలో ఉపయోగం ఉంది. కానీ అక్షరాలు పోల్చే టెస్టు ఈ సందర్భంలో ఏం చేస్తుందో చూడండి. \\# రావాలి, \\# వచ్చింది, పాస్. చదివే మేక్‌కి ఆ పేరు దక్కలేదన్న సంగతి ఆ టెస్టుకి ఎప్పటికీ తెలియదు. క్లాంగ్‌లో ఎస్కేపింగ్ కోసం ఉన్న టెస్టు ఫైల్‌చెక్ అనే టూల్‌తో అక్షరాలు పోల్చే ఈ రకం టెస్టే.

ఇలాంటివి ఎవరికి తగులుతాయి అనుకునేవాళ్ల కోసం దగ్గర్నుంచి చూసింది ఒకటి చెబుతాను. నీళ్ల ట్యాంకు మట్టం కొలిచే ప్రాజెక్టు చేస్తున్న పిల్లలు, "అన్నా, హెడర్ మారిస్తే పట్టడంలేదన్నా, మేక్ క్లీన్ కొట్టి మళ్ళీ కడితే వస్తోంది" అన్నారు. మేక్ క్లీన్ అంటే కట్టినదంతా తుడిచెయ్యడం. వాళ్ల డిపెండెన్సీ ఫైళ్లు కంపైలర్ రాసినవి కావు, సీనియర్లు ఇచ్చిపోయిన ఒక పైథాన్ స్క్రిప్టు రాసినవి. స్పేసుకి బ్యాక్‌స్లాష్ పెట్టడం వరకే దానికి తెలుసు. ఫైలు ఇలా ఉంది (పేర్లు తెలుగు లిపిలోకి మార్చాను):

మెయిన్.ఓ: మెయిన్.సీ ల్యాబ్/#3/సెన్సార్.హెచ్ \
  ల్యాబ్/#3/పంపు.హెచ్ \
  కాన్ఫిగ్.హెచ్

మేక్ మొదటి లైన్లో "ల్యాబ్/" వరకు చదివింది. # రాగానే మిగతాదంతా వ్యాఖ్య అనుకుంది. అక్కడితో ఆగితే ఒక లైనుతో పోయేది. కానీ మేక్ నియమం ప్రకారం వ్యాఖ్య చివర బ్యాక్‌స్లాష్ ఉంటే ఆ వ్యాఖ్య కింది లైనుకి కూడా సాగుతుంది. లిస్టు పొడుగ్గా ఉందని లైన్లు విరవడానికి పెట్టిన బ్యాక్‌స్లాష్‌లే మొత్తం లిస్టుని మింగేశాయి. # తో ఏ సంబంధమూ లేని కాన్ఫిగ్.హెచ్ కూడా అందులోనే పోయింది. మరి ఎర్రర్ ఎందుకు రాలేదు? "ల్యాబ్/" అనే డైరెక్టరీ నిజంగానే ఉంది కదా. మేక్ దాని టైము చూసింది. లోపల ఇంకో డైరెక్టరీలో ఉన్న ఫైలుని ఎంత మార్చినా పై డైరెక్టరీ టైము మారదు. అంతా సవ్యంగా ఉందని మేక్ తేల్చేసింది.

ఆ పిల్లలు మెల్లగా ప్రతి మార్పుకీ మేక్ క్లీన్ కొట్టడానికి అలవాటు పడిపోయారు. నాకు బాధ కలిగించేది ఇదే. బిల్డ్ మీద నమ్మకం ఒకసారి పోతే మనిషి పనిముట్టుని వాడటం మానేసి దానికి మొక్కడం మొదలుపెడతాడు. డిపెండెన్సీ ఫైలు ఉన్నదే ఆ నమ్మకం కోసం.

ఇప్పుడు $ సంగతి. తెలుగులోనే ఫైలు పేర్లు పెట్టుకునేవాళ్లు దీన్ని తప్పక తెలుసుకోవాలి. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడు బైట్లు పడతాయి. మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177, మూడోది 128 నుంచి 191 లోపు. మేక్ భయపడే గుర్తులన్నీ 128 కంటే తక్కువవి. అంటే తెలుగు పేరు ఎంత పెద్దదైనా దాని లోపల పొరపాటున కూడా స్పేసో బ్యాక్‌స్లాషో కనపడదు. నింజా కూడా 128 పైనున్న బైట్లన్నిటినీ మామూలు అక్షరాలుగానే తీసుకుంటుంది. జపాన్ వాళ్లకి ఈ అదృష్టం లేకపోయింది. షిఫ్ట్-జిస్ పద్ధతిలో కొన్ని అక్షరాల రెండో బైటు 92, అంటే అచ్చంగా బ్యాక్‌స్లాషే.

కాబట్టి తెలుగు పేరు తనంతట తాను ప్రమాదం కాదు. కానీ "ధర$పట్టిక.హెచ్" అనే పేరుని ఏ స్క్రిప్టో ఎస్కేప్ చెయ్యకుండా రాసిందనుకోండి. $ తరవాత కుండలీకరణం లేకపోతే వెంటనే వచ్చే ఒక్క అక్షరమే వేరియబుల్ పేరు అని మేక్ నియమం. మేక్‌కి అక్షరం అంటే ఒక బైటు. "ప" అంటే 224, 176, 170. అందులో 224 ఒక్కటీ వేరియబుల్ పేరైపోతుంది. అలాంటి వేరియబుల్ లేదు గనక దాని విలువ ఖాళీ. మిగిలిన 176, 170 ముక్కలు ఏ అక్షరమూ కాకుండా పేరు మధ్యలో ఉండిపోతాయి. ఎర్రర్ మెసేజీలో ప్రశ్నార్థకాల డబ్బాలు కనిపిస్తే జనం ఫాంటు లేదనో, తెలుగు సపోర్టు లేదనో అనుకుంటారు. తెలుగుకి ఏ సంబంధమూ లేదు. ఒక $ తక్కువైంది.

పైగా -ఎంపీ ఫ్లాగు వాడే అలవాటు చాలామందికి ఉంది. హెడర్ని తీసేసినా బిల్డ్ ఆగకుండా, ప్రతి హెడర్ పేరుతో ఒక ఖాళీ రూల్ రాసిపెడుతుంది అది. స్క్రిప్టు కూడా ఆ పద్ధతే పాటిస్తే, పైన చెప్పిన విరిగిన పేరుకి కూడా ఒక ఖాళీ రూల్ పడుతుంది. అప్పుడు ఆ ఎర్రర్ కూడా రాదు. లేని ఫైలుని ఇప్పుడే తయారుచేసినట్టు మేక్ భావించి, ప్రతిసారీ కంపైల్ చేస్తూ పోతుంది. బిల్డ్ నెమ్మదిగా ఉందని మాత్రమే మనకి అనిపిస్తుంది.

సరే, మరి టెస్టు ఎలా ఉండాలి? రాసేవాడినీ చదివేవాడినీ కలిపి నడపాలి. చిక్కు పేరుతో నిజంగా హెడర్ సృష్టించి, నిజమైన కంపైలర్‌తో కంపైల్ చేసి, వచ్చిన డిపెండెన్సీ ఫైలుని నిజమైన మేక్‌కీ నిజమైన నింజాకీ ఇవ్వాలి. ఏదీ మార్చకుండా రెండోసారి నడిపితే ఏమీ చెయ్యకూడదు. మేక్‌కి -క్యూ ఇస్తే పని మిగిలి ఉందో లేదో ఎగ్జిట్ కోడ్‌లోనే (ముగిసేటప్పుడు ఇచ్చే అంకెలోనే) చెబుతుంది. తరవాత ఆ హెడర్ టైము మార్చి చూడాలి, ఈసారి పని ఉందనాలి. లిస్టులో దాని తరవాత వచ్చే మామూలు హెడర్ని కూడా విడిగా మార్చి చూడాలి. ఇది చాలామంది వదిలేస్తారు. # కథలో కాన్ఫిగ్.హెచ్ ఏమైందో గుర్తుంటే ఎందుకో తెలుస్తుంది. సంబంధం లేని ఫైలుని మార్చినప్పుడు కదలకూడదు కూడా.

టెస్టు ఫెయిలైతే కారణం వెతకడానికి దారులున్నాయి. మేక్‌కి -పీ ఇస్తే తాను చదివి అర్థం చేసుకున్న రూల్స్ అన్నీ బయటపెడుతుంది. నింజా విషయంలో జాగ్రత్త: జీసీసీ తరహా డిపెండెన్సీలు అని చెబితే, ఆ ఫైలుని చదివి తన లాగ్‌లోకి ఎక్కించుకుని, ఫైలుని తీసేస్తుంది. ఉంచమని చెప్పే డీబగ్ ఆప్షన్ ఉంది. ఎక్కించుకున్న లిస్టు చూపించే డెప్స్ అనే టూల్ కూడా దాంట్లోనే ఉంది.

ఇంకో సంగతి, నాకు చాలా ముఖ్యమైనది: టెస్టు డైరెక్టరీలో పక్కన ఇతర ఫైళ్లు కూడా ఉండాలి. "జిల్లా[22]" అనే ఫోల్డర్లో ఉన్న హెడర్ని తీసుకోండి. జీసీసీ, క్లాంగ్ రెండూ చదరపు బ్రాకెట్లని ఎస్కేప్ చెయ్యవు. మేక్ మాత్రం డిపెండెన్సీ పేర్లలో *, ?, [ కనపడితే వాటిని వైల్డ్‌కార్డులుగా, అంటే వేరే పేర్లకి కూడా సరిపోయే గుర్తులుగా చూస్తుంది. దేనికీ సరిపోకపోతే పేరుని ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. అందువల్ల ఆ ఫోల్డర్ ఒక్కటే ఉంటే టెస్టు పాస్. మేక్ లెక్కలో [22] అంటే ఒక్క 2 కాబట్టి, పక్కన "జిల్లా2" అనే ఫోల్డర్, అందులో అదే పేరుతో హెడర్ ఉంటే, మేక్ దాన్ని పట్టుకుంటుంది, అసలుది వదిలేస్తుంది. ఖాళీ డైరెక్టరీలో నడిపే టెస్టుకి ఇది ఎప్పటికీ దొరకదు. నింజాకి వైల్డ్‌కార్డుల అలవాటు లేదు కాబట్టి దానితో మాత్రమే టెస్ట్ చేసేవాళ్లకీ దొరకదు.

% ఇంకా మొండిది. బట్టల షాపు బిల్లింగ్ ప్రోగ్రాంలో "50%తగ్గింపు.సీ" అని ఎవరైనా సోర్సు ఫైలు పెడితే, ఆబ్జెక్టు పేరులోకి కూడా % వస్తుంది. టార్గెట్‌లో % ఉంటే మేక్ దాన్ని ప్యాటర్న్ రూల్ అంటుంది, అంటే % చోట ఏ అక్షరాలున్నా సరిపోయే రూల్. డిపెండెన్సీ లైనుకి కింద ఆదేశాలేవీ ఉండవు. ఆదేశాల్లేని ప్యాటర్న్ రూల్‌కి అర్థం, అలాంటి రూల్ ఉంటే రద్దు చెయ్యమని. హెడర్లన్నీ మాయం, ఒక్క మాట కూడా చెప్పదు. హెడర్ పేరులో % ఉంటే ఏమీ కాదు, సోర్సు పేరులో ఉంటేనే. కాబట్టి ప్రతి చిక్కు పేరునీ హెడర్‌కీ, సోర్సుకీ, ఫోల్డర్‌కీ మార్చి మార్చి పెట్టి చూడాలి.

మన భాష తెచ్చే పరీక్షలు కూడా కొన్నున్నాయి, వాటిని వేరే దేశంలో కూర్చున్నవాళ్లు ఊహించలేరు. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట కింద వ వత్తుగా మారకుండా మధ్యలో కనపడని ఒక అక్షరం పెడతాం. పేరులో అది ఉన్నా లేకపోయినా ఫాంటుని బట్టి ఒకేలా కనిపించవచ్చు, బైట్లు మాత్రం వేరు. కంపైలర్ దాన్ని కదిలించకుండా రాయాలి. ఐత్వం ఇంకోలాంటిది: యూనికోడ్ ప్రకారం "పై"లోని ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింది ఐత్వపు గుర్తు అనే రెండు గుర్తులుగానూ రాయొచ్చు. రెండూ సమానమే. పాత మ్యాక్ ఫైల్ సిస్టం హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లని విడగొట్టి దాచుకునేది. అక్కడ డైరెక్టరీని అడిగి తెచ్చుకున్న పేరు విడిపోయి వస్తుంది, సోర్సులో ఇన్‌క్లూడ్ లైన్లో టైపు చేసిన పేరు కలిసి ఉంటుంది. డిస్కు మీద ఫైలు ఒకటే. బైట్లు పోల్చుకునే మేక్‌కి రెండు టార్గెట్లు. పొడుగు కూడా చూడాలి. లినక్స్‌లో సాధారణంగా ఒక పేరుకి 255 బైట్లు, అంటే మన లిపిలో గుణింతాలూ పొల్లులూ కలుపుకుని 85 కోడ్‌లు మాత్రమే.

ఇంతా చేసి మేక్ కోసం మనం రాసే మేక్‌ఫైల్లోనే స్పేసులు పనిచెయ్యకపోతే ఏం లాభం అని అడగొచ్చు. నిజమే, మేక్‌లో లిస్టులు తిప్పే ఫంక్షన్లన్నీ స్పేసు దగ్గర ముక్కలు చేస్తాయి. "చిత్తూరు (పాత)" అన్న పేరు డిపెండెన్సీ ఫైలు దాటి వచ్చినా, కొటేషన్లు లేని కమాండు లైన్లో బ్రాకెట్ల దగ్గర షెల్ అడ్డం తిరుగుతుంది. కానీ అవి మేక్‌ఫైల్ రాసేవాళ్లు సరిచేసుకోగలిగినవి. బిల్డ్ ఫైళ్లని తానే రాసిపెట్టే సీమేక్‌తో నింజా వాడేవాళ్లకి అసలు తగలవు. డిపెండెన్సీ ఫైలుని మాత్రం మనం రాయం, సాధారణంగా తెరిచి చూడం. అందులో తప్పుంటే దిద్దుకునే అవకాశమే మనకి లేదు.

మైక్రోసాఫ్ట్ 2020లో తన కంపైలర్‌కి డిపెండెన్సీలని జేసన్ అనే డేటా ఫార్మాట్‌లో రాసే ఫ్లాగు చేర్చింది. ఎస్కేప్ నియమం స్పష్టంగా రాసి ఉన్న ఫార్మాట్ అది, మిగతావాళ్లూ అటు వెళ్తే సంతోషం. అయితే మేక్ భాషలో రాసిన డిపెండెన్సీ ఫైళ్లు ఇంకా చాలా కాలం ఉంటాయి.

ఆ భాషలో చెప్పలేని పేర్లూ ఉన్నాయి. ఫోల్డర్ పేరులో కొత్త లైను అక్షరం ఉండటానికి యూనిక్స్ ఒప్పుకుంటుంది, మేక్ వ్యాకరణంలో దానికి చోటు లేదు. అలాంటి చోట కంపైలర్ తోచినట్టు రాసి వదిలెయ్యకూడదు. ఈ పేరుని డిపెండెన్సీ ఫైల్లో రాయలేను అని పేరు చూపించి, ఎర్రర్ కోడ్‌తో ఆగిపోవాలి. ఆ ఆగడాన్ని కూడా టెస్టు అడగాలి: మెసేజీ వచ్చిందా, ఎగ్జిట్ కోడ్ సున్నా కాకుండా ఉందా, సగం రాసిన ఫైలు డిస్కు మీద మిగిలిపోలేదు కదా.